అటకల మేస్త్రి ఖాళీ గది

మా ఏడు వీధుల్లో ఏ ఇంటికైనా వెళ్ళి, లోపలికి నాలుగడుగులు వేసి, తల పైకెత్తి చూడండి. అటక కనిపిస్తుంది. దాని తలుపు అంచున వేలు పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి రాయండి. ఎక్కడా పేడు గుచ్చుకోకపోతే అది అటకల మేస్త్రి చేతిపని అని కళ్ళు మూసుకుని చెప్పెయ్యవచ్చు. నలభై ఆరేళ్ళలో ఆయన కట్టిన అటకలు ఆరువందల పన్నెండు. నోటికొచ్చిన లెక్క కాదిది. ప్రతి అటకకీ లోపల, ఇంటివాళ్ళకి కూడా కనపడని మూలలో, పెన్సిలుతో నంబరు వేసుకున్న మనిషి ఆయన.

అటకలతో ఆగిపోతే ఆయన్ని గురించి ఇంతగా చెప్పుకోవలసిన పనే లేదు. మందుల దుకాణానికి నూట ఎనభై సొరుగులు చేశాడు. పది రోజులు ముసురు పట్టినా ఒక్క సొరుగూ బిగుసుకోలేదు. బడిలో పంతుళ్ళ గదికి అరలు కొట్టాడు. ముగ్గురు హెడ్మాస్టర్లు మారారు గానీ ఆ అరలు మారలేదు. చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి. అయినా ఒక ఇంజనీరు గీసిన పటంలో మూడంగుళాల తప్పు పట్టి, ఆ ఇంజనీరు చేతనే టీ తెప్పించుకుని తాగాడు. ఇంత పని చేసి కూడా పది వేళ్ళూ పదిలంగా ఉన్న వడ్రంగి ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే.

ఆయన సిద్ధాంతం ఒకటే. గోడ ఊరికే నిలబడకూడదు. "తిండి పెడుతున్నామా లేదా? సున్నం వేస్తున్నామా లేదా? మరి ఏదో ఒకటి మొయ్యొద్దూ?" అనేవాడు. ఖాళీ గోడ కనిపిస్తే, ఆకలిగొన్నవాడికి నిండు విస్తరి కనిపించినట్టు, చెయ్యి జేబులోని కొలత టేపు మీదికి పోయేది.

వడ్రంగి ఇంట్లో కుర్చీకి మూడే కాళ్ళుంటాయని ఎగతాళి చేస్తారు. ఈయనింట్లో కుర్చీకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి, అదనంగా ఎక్కడెక్కడో విరిగిన కుర్చీల కాళ్ళు ఇంకో అరవై ఉన్నాయి. నాలుగు గదుల ఇంట్లో పంతొమ్మిది బీరువాలు, ఏడు అటకలు. మేడ మెట్లలో ప్రతి మెట్టూ ఒక సొరుగే. మంచం కింద సొరుగులు, ఆ సొరుగుల్లో డబ్బాలు, ఆ డబ్బాల్లో సీసాలు, సీసాల నిండా మరలు. నడిగది కిటికీకి అడ్డంగా ఒక బీరువా నిలబెట్టి ఇరవై ఏళ్ళయింది. ఆ గోడకి కిటికీ ఉందన్న సంగతి ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు.

అలాంటి ఇంట్లో ఆయన భార్యకి ఊపిరాడడం మానేసింది.

ఆవిడ బస్సు కండక్టరు. ముప్పైమూడేళ్ళు నిండు బస్సుల్లో నిలబడి, ఎనిమిది నెలల కిందటే రిటైరయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇంటికి కేవలం నిద్రపోవడానికే వచ్చేది. తీరా ఇంటిపట్టున కూర్చున్నాక ఒక్కొక్కటే మొదలైంది. నడిగదిలో కూర్చుంటే గుండె దడ. అరచేతులు చెమటలు పట్టేవి. నాలుగు పక్కలనించీ ఏదో మీద పడబోతున్నట్టు భుజాలు దగ్గరికి ముడుచుకునేది. చివరికి కంచం చేత్తో పట్టుకుని వీధి మెట్ల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. గుండె డాక్టరు చూసి గుండె గట్టిదన్నాడు. మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

డాక్టరమ్మ చిన్న ప్రశ్న అడిగింది. "ఇంట్లో మీకు ఎక్కడ హాయిగా ఉంటుందమ్మా?"

"గేటు దగ్గర," అంది కండక్టరమ్మ.

డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం తీసి రాసింది: మందులు ఇప్పుడే వద్దు. ఒక గది కావాలి. అందులో ఆ రోజు వాడుకునేవి తప్ప వేరే వస్తువు ఉండకూడదు. కిటికీకి అడ్డు ఉండకూడదు. గోడలకి ఒకటే లేత రంగు. చూపు వెళ్ళి ఆనడానికి ఖాళీ ఉండాలి. నెల తరవాత రండి.

మేస్త్రి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది మందుల చీటీయా, ఇల్లు కూల్చమని ఉత్తరువా?"

"రెండూ అనుకోండి," అంది భార్య. "నెల రోజులు అక్క దగ్గర ఉంటాను. గది తయారైతే వస్తాను. కాకపోతే అక్క మేడ మీద గది ఖాళీగానే ఉంది. అక్కడే ఉండిపోతాను."

"ఉండిపోవడమంటే?"

"ఉండిపోవడమంటే ఉండిపోవడమే. నేను నిండు బండి దిగి నిండు ఇంట్లోకి ఎక్కానండీ. దిగే స్టాపు ఎక్కడో మీరే చెప్పండి."

నవ్వుతూ అంటే ఎగతాళి అనుకునేవాడు. ఆవిడ నవ్వలేదు. సంచీ ఒకటి భుజాన వేసుకుని, నాలుగు వీధుల అవతల ఉన్న అక్క ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో మేస్త్రి మొదటిసారి తన కాఫీ తానే కలుపుకున్నాడు. పంచదార ఏ అరలో ఉందో వెతకడానికి ముప్పావుగంట పట్టింది. ఆ అర చేసింది తానే.

కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే కూతురు మూడు రోజులు సెలవు పెట్టుకుని వచ్చింది. వరండాలో సుద్దముక్కతో మూడు గళ్ళు గీసింది. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి.

"నాన్నా, ఇదేంటి?"

"తలుపు."

"సగమే ఉంది."

"సగం తలుపు."

"మిగతా సగం?"

"ఎప్పటికైనా దొరక్కపోదు."

కూతురు ఊపిరి గట్టిగా పీల్చి ఇంకో డబ్బా విప్పింది. అందులో తాళంచెవులు లేని తాళాలు ఇరవైమూడు ఉన్నాయి. దాని పక్క డబ్బాలో తాళాలు లేని తాళంచెవులు నలభై.

"వీటికి అవి పట్టవా?"

"పట్టవు. చూశాను."

"నలభై చెవులూ ఇరవైమూడు తాళాలకీ చూశావా?"

"మరి ఊరికే అంటానా? ఒక వానాకాలం అంతా చూశాను."

మూడో రోజు సాయంత్రానికి ఉంచేవాటి గడిలో కొండ లేచింది. ఇచ్చేవాటిలో ఒక గొడుగుంది. అది ఎప్పుడో అరువు తెచ్చింది కాబట్టి ఇవ్వక తప్పదు. పారేసేవాటిలో కూతురి చెప్పు ఒకటుంది. అది కూడా పొరపాటున జారి పడింది.

"నాన్నా, అమ్మ నిజంగానే రాదు," అంది కూతురు వెళ్ళేటప్పుడు. "నేను చూశాను. పెద్దమ్మా వాళ్ళ మేడ మీద గదిలో ఒక చాప వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంటోంది. మొహం ఎంత తేటగా ఉందో తెలుసా?"

"నువ్వు వెళ్ళమ్మా, నీ ఉద్యోగం చూసుకో. గది నేను చూసుకుంటా."

చూసుకున్నాడు కూడా. కాకపోతే కుక్క తోక సంగతి లోకానికి తెలిసిందే కదా. మర్నాడు పొద్దున్న చెవి మీద పెన్సిలు పెట్టుకుని నడిగది మధ్యన నిలబడ్డాడు. గది ఖాళీ కావాలి, వస్తువులు పోకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే మనిషి ఈ ఏడు వీధుల్లో ఎవడైనా ఉంటే అది తానే. డాక్టరమ్మ ఏమని రాసింది? చూపు ఆనడానికి ఖాళీ ఉండాలని. చూపుకి కదా? చూపుకి కనపడకపోతే లేనట్టే కదా?

పన్నెండు రోజులు తలుపు మూసుకుని పని చేశాడు. గది పన్నెండడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. బీరువాలన్నీ విప్పేశాడు. కిటికీకి అటూ ఇటూ ఉన్న రెండు పక్కగోడలకీ ఒక్కొక్క అడుగున్నర ముందుకి కొత్త చెక్కగోడ లేపాడు. ఒక్క పక్కనే లేపితే కిటికీ ఓ మూలకి జరిగినట్టుంటుంది, చూసిన ప్రతివాడికీ అనుమానం వస్తుంది. రెండు పక్కలా సమానంగా లేపితే కిటికీ నడిమధ్యనే ఉంటుంది. అదీ ఆయన బుర్ర. గోడల నిండా తలుపులే, అయినా ఒక్క పిడి లేదు, ఒక్క బందు పైకి కనపడదు. సరైన చోట అరచేత్తో నొక్కితే టక్కుమని తెరుచుకోవాలి, నొక్కకపోతే అది గోడ. అతుకుల మీద లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ పెట్టి, మళ్ళీ రుద్ది, పైన మజ్జిగ తేటలాంటి లేత రంగు వేశాడు. చెంప ఆనించి చూసినా గీత దొరకలేదు.

తరవాత నాలుగు గదుల సామానూ అందులోకి ఎక్కించాడు. అరవై కుర్చీకాళ్ళు, సగం తలుపు, తాళాలు, తాళంచెవులు, సీసాలు, అన్నీ. నలభై ఆరేళ్ళ పని ఒక ఎత్తు, ఈ రెండు గోడలూ ఒక ఎత్తు. అటువంటి పని ఆయన అంతకు ముందు చెయ్యలేదు.

చేసిన గొప్పపని ఎవరితోనూ చెప్పుకోలేకపోవడమే ఆయనకి వచ్చిన చిక్కు. మామూలుగా ఒక సొరుగు చేస్తేనే పదిమందిని పిలిచి పదిసార్లు లాగి చూపించే మనిషి. ఇప్పుడు మింగలేడు, కక్కలేడు. పాలవాడు వస్తే చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, "ఎలా ఉంది?" అని అడిగాడు.

పాలవాడు నాలుగు దిక్కులూ చూశాడు. "ఏది?"

"గది."

"ఏముందిందులో? ఖాళీ!"

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఉండదని తెలిసి కూడా మండిపోయింది.

చెల్లెలి తరఫున తనిఖీకి వదినగారు వచ్చింది. భార్యకి అక్క, నోటికి మూతలేని మనిషి. గుమ్మంలో నిలబడి నోరు వెళ్ళబెట్టింది. నేల మీద ఎండ పలకలా పరుచుకుని ఉంది. ఆ గచ్చు ఎర్రగా ఉంటుందని ఇరవై ఏళ్ళ తరవాత తెలిసింది. ఒక పొట్టి మంచం, ఒక కుర్చీ, ఒక నీళ్ళకూజా. అంతే.

"మరిదిగారూ! సన్యాసం పుచ్చుకున్నారా ఏంటి?"

"అంతే అనుకోండి వదినగారూ."

"ఆ సామానంతా ఏం చేశారు?"

"దేని దారి దానికి చూపించాను." అబద్ధం కాదని మనసులో అనుకున్నాడు. దారి చూపించాడు, గోడలోకి.

వదినగారు మురిసిపోయి, కాళ్ళు లాగుతున్నాయంటూ గోడకి చేరగిలబడబోయింది. సరిగ్గా నొక్కుడు చోటుకి వీపు జానెడు దూరం.

"రంగు! తడి రంగు!" అని అరిచాడు మేస్త్రి. ఆ రంగు ఆరి నాలుగు రోజులైంది.

వదినగారు చెంగు దులుపుకుంటూ వీధిలోకి వెళ్ళేదాకా ఆయన గోడకి వీపు ఆనించి నిలబడే ఉన్నాడు.

కండక్టరమ్మ మర్నాడే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుంది. కిటికీలోంచి పక్కింటి గోడ, ఆ పైన జానెడు ఆకాశం కనిపిస్తున్నాయి. ఆ జానెడు ఆకాశం కేసే చాలాసేపు చూసింది. గుండెని రుద్దుకోవడానికి అలవాటుపడిన కుడిచెయ్యి మెల్లిగా కిందికి దిగి ఒళ్ళో పడుకుంది. ఆ మధ్యాహ్నం కంచం ఇంట్లోకే తెచ్చుకుని తింది. తిని రెండు గంటలు నిద్రపోయింది.

మేస్త్రి గుమ్మంలో నిలబడి చూశాడు. సంతోషం సంతోషమే. కానీ మంచానికి రెండు పక్కలా, నాలుగేసి జానల దూరంలో, చెక్క వెనక అరవై కుర్చీకాళ్ళు నిలబడి ఆవిడ నిద్ర చూస్తున్నాయన్న సంగతి ఆయనకి మాత్రమే తెలుసు.

మూడో రోజు పొద్దున్న ఆవిడ గుమ్మంలో నిలబడింది. ఎడమచెయ్యి ద్వారబంధం మీద, కుడికాలు గడప మీద. బస్సు ఫుట్‌బోర్డు మీద ముప్పైమూడేళ్ళు నిలబడిన తీరు అది. కళ్ళు చిట్లించి గది ఆ చివరినుంచి ఈ చివరికి చూపు లాగింది. పెదవులు కదిలాయి.

"పదహారు," అంది.

"ఏంటి పదహారు?"

"ఏమండీ, మనం ఈ ఇంట్లోకి వచ్చిన రోజు గుర్తుందా? వాన. మా డిపోవాళ్ళంతా తడిసి వచ్చి ఈ గదిలోనే నిలబడి టీ తాగారు. అప్పటికి మీరు ఒక్క మేకు కూడా కొట్టలేదు. ఎంతమందో చెప్పండి."

"ముప్పైనాలుగేళ్ళ కిందటి తలకాయలు నాకేం గుర్తు?"

"నాకు గుర్తు. ఇరవైరెండు మంది. ఈ గదికి ఇరవైరెండు మంది పడతారు. ఇప్పుడు చూస్తే పదహారుమందే పడుతున్నారు." మెల్లిగా ఆయన కేసి తిరిగింది. "మిగతా ఆరుగురూ ఏ స్టాపులో దిగారండీ?"

కొలత టేపుతో బతికినవాడు తలకాయల లెక్కకి దొరికిపోయాడు. అయినా ఒప్పుకుంటాడా? "లప్పం కొంచెం మందంగా పడింది," అన్నాడు.

"ఆరుగురు మనుషుల మందమా?"

"పాత గోడలు కదా. వంకర తియ్యాలంటే…"

ఆవిడ ఇంక అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, అరచేత్తో నిమిరి, పెదవి విరిచింది. "పోనీలెండి. మీ చేతిపని కాదని చూడగానే అనుకున్నాను. ఎవరిచేత చేయించారు? నేర్చుకునేవాడిచేతా?"

"ఏం? ఎందుకలా అంటున్నావ్?"

"మీరు చేస్తే ఇలా ఉంటుందా? ఇదిగో ఇక్కడ వంకర. అదిగో అక్కడ ఉబ్బు. అతుకు కూడా కనపడుతోంది."

"అతుకా!" మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "కనపడుతోందా? ఏదీ, ఎక్కడ? చూపించు! ఆరువందల పన్నెండు అటకలు కట్టినవాడిని, నా గోడకి అతుకు కనపడుతోందా? చూడు!"

అరచెయ్యి పెట్టి నొక్కాడు. టక్కుమంది.

తలుపు పట్టులా జారి తెరుచుకుంది. లోపల ఒత్తుకుని నిలబడ్డ నలభై ఆరేళ్ళూ ఒక్క క్షణం ఆగి, తరవాత ఆగలేదు. ముందు సగం తలుపు వచ్చింది. దాని వెనక కుర్చీకాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి. సీసా పగిలి మరలు ఎర్రగచ్చు మీద నాలుగు దిక్కులా పరుగెత్తాయి. తాళంచెవుల డబ్బా కండక్టరమ్మ కాళ్ళ దగ్గరికొచ్చి బోర్లాపడింది.

కొట్టించుకున్న పిల్లాడిలా నిలబడ్డాడు మేస్త్రి. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ కుడిచెయ్యి మళ్ళీ గుండె మీదికి వెళ్ళింది.

"అంటే మూడు రోజులూ వీటి మధ్యనే పడుకున్నానన్నమాట," అంది. "నిండు బస్సు అని తెలిసి ఎక్కితే ఒక దారి. సర్దుకుంటాం. ఖాళీ అని చెప్పి ఎక్కించారు చూడండి, అదీ నాకు కష్టంగా ఉంది."

సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. కానీ గేటు దాటలేదు. వీధి మెట్ల మీద కూర్చుంది. మేస్త్రి వెళ్ళి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ వీధిలో పోయే సైకిళ్ళు చూశారు.

"పారెయ్యలేనే," అన్నాడు చివరికి. "నేను చేసినవన్నీ ఎవరెవరి ఇళ్ళల్లోనో ఉన్నాయి. వాటికి నా పేరుందా, ఊరుందా? వాళ్ళు తలుపు వేసుకుంటే నాకు కనపడవు కూడా. నా దగ్గర మిగిలినవి ఆ తునకలే. ఆ కుర్చీకాలు చూస్తే బడి గుర్తొస్తుంది. ఆ పిడి చూస్తే మందుల దుకాణం. అవి పోతే నేనేం చేశానో నాకే తెలీదు."

ముప్పైనాలుగేళ్ళలో ఆయన నోట గొప్ప లేకుండా వచ్చిన మాట అదొక్కటే. కండక్టరమ్మ దాన్ని విన్నది. విన్నా లొంగలేదు. జాలికి దారి తప్పే మనిషి కండక్టరుగా నెగ్గుకురాగలదా?

"పారెయ్యమని నేనెప్పుడన్నాను? బండి ఎక్కిన ప్రతివాడూ ఎక్కడో దిగాలి. ఎక్కడ దిగుతాడో చెప్తే టికెట్ ఇస్తాను. చెప్పలేకపోతే దింపేస్తాను. మీ సామాను కూడా అంతే. ప్రతిదానికీ ఒక ఇంటి పేరు చెప్పండి. చెప్పి, మీరే తీసుకెళ్ళి దింపి రండి."

"సరే. మరి గోడలు?"

"నా ఆరుగురూ నాకు కావాలి."

"ఒక పక్క గోడ ఉంచుకుందాం. ముగ్గురితో సర్దుకోలేవూ?"

"అక్క మేడ మీద గదికి ఈ వారమే సున్నం వేయిస్తానంటోంది." సంచీ పట్టీ సర్దుకుంది.

మేస్త్రి లేచాడు. "ఒక్కమాట. విప్పే ముందు ఒక్కసారి చూడు. నిజంగా చూడు."

లోపలికి వెళ్ళారు. ఆయన పడినవన్నీ ఎత్తి లోపల పెట్టి తలుపు మూశాడు. ఆవిడ వేళ్ళు మామూలు వేళ్ళు కావు. పాత టికెట్టుని కొత్తదని ఇస్తే చూడకుండానే తడిమి పట్టేసిన వేళ్ళు. ఆ వేళ్ళతో గోడంతా తడిమింది. వంగి చూసింది, చెంప ఆనించి చూసింది. పది నిమిషాలైంది.

"దొరకలేదండీ."

"ఇంకోసారి చెప్పు."

"దొరకలేదు. వంకర అన్నది అబద్ధం. ఇంత మంచి పని నేను ఎక్కడా చూడలేదు."

"మీ అక్క ముందు చెప్తావా?"

"చెప్తాను."

ఆయన వెళ్ళి మరలు విప్పే పనిముట్టు తెచ్చుకున్నాడు.

ఆ తరవాత పద్ధెనిమిది రోజులు ఏడు వీధులకీ విశ్రాంతి లేదు. పొద్దున్నే భుజాన సంచీతో మేస్త్రి బయలుదేరేవాడు. మొదట్లో ఇళ్ళవాళ్ళు ఆయన్ని చూసి తలుపులు వేసుకున్నారు. ఆయన ఊరుకుంటాడా? తాను కట్టిన తలుపులు ఎక్కడ నొక్కితే తెరుచుకుంటాయో ఆయనకి తెలియదూ! కిర్రుమనే బీరువాలకి బందులు దింపాడు. పిడి ఊడిన సొరుగులకి పిడులు దింపాడు. కాలు ఊగే బల్లలకి కాళ్ళు దొరికాయి. చంటిపిల్లల బడిలో పిల్లలు వీధిలోకి పరుగెత్తకుండా గుమ్మానికి అడ్డు కావాలిట, సగం తలుపు అక్కడ దిగింది. మరల సీసాలన్నీ పెద్దబడి పనిముట్ల గదిలో దిగాయి. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అటక తలుపు తెరిచి, మూల వేసిన నంబరు ఆ ఇంటివాళ్ళకి చూపించి మరీ వచ్చాడు. "మా ఇంట్లో ఉన్నది రెండువందల మూడో నంబరా!" అని వాళ్ళు పిల్లల్ని ఎత్తి చూపించారు. అలా అడగని చోట ఆయనే అడిగించుకున్నాడు.

తాళాలకీ తాళంచెవులకీ మాత్రం ఏ ఇంటి పేరూ చెప్పలేకపోయాడు. కండక్టరమ్మ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. అవి పాతసామాను బండి ఎక్కాయి. మేస్త్రి మొహం అటు తిప్పుకున్నాడు.

గోడలు రెండూ విప్పినాక చెక్కలు మిగిలాయి. వాటికీ టికెట్ కావాలి కదా. ఏ ఇంటి పేరు చెప్పాలా అని ఆయన తల గోక్కుంటూ ఉండగానే ఫోను మోగింది. వదినగారు.

"ఏమే, మేడ మీద గదికి సున్నం రేపు మొదలుపెట్టించమంటావా?"

"వద్దక్కా. ఎవరికైనా ఇచ్చెయ్యి," అంది కండక్టరమ్మ.

"ఏం, మా మరిది మారాడా?"

"మారలేదు. గది ఇరవైరెండుకి వచ్చింది. నాకు అది చాలు. అక్కా, ఇంకోమాట. ఆ రోజు నువ్వు చేరగిలబడబోయావే, ఆ గోడ గోడ కాదు." చెప్పింది. అంతా చెప్పింది. అతుకు దొరకలేదని కూడా చెప్పింది. మేస్త్రి ఫోనుకి చెవి ఆనించి నిలబడ్డాడు.

అవతలనించి వదినగారి గొంతు సన్నగా వచ్చింది. "ఒసేయ్, అలాంటి గోడ ఒకటి నా గదిలో కుదురుతుందేమో అడుగు. నా చీరలు ఎన్నున్నాయో మీ బావకి తెలియకూడదు."

చెక్కలు అక్కడ దిగాయి.

నెల అన్నది నెలన్నర అయ్యాక వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఏమైనా మందు రాయాలా అని అడిగితే, కండక్టరమ్మ అక్కర్లేదంది. దడ పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పలేదు. వస్తోంది, కానీ వచ్చినప్పుడు వెళ్ళి కూర్చోవడానికి చోటుందని చెప్పింది.

ఇంక మేస్త్రి. ఖాళీ గదిలో ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. మొదటి రోజు గుమ్మంలో నిలబడి, "నేను రావచ్చా?" అన్నాడు.

"జేబులో ఉన్నది బయట పెట్టి రండి."

కొలత టేపు బయట పెట్టి లోపలికి వచ్చి గోడకి చేరగిలబడ్డాడు. మొదటి రోజు పదకొండు నిమిషాలు కూర్చున్నాడు. రెండో రోజు పదిహేడు. వారం తిరిగేసరికి, చేతిలో ఏమీ లేకుండా, గోడకి ఏమీ తగిలించకుండా, ముప్పావుగంట. పది వేళ్ళూ మిగుల్చుకున్న ఆ చేతులు ఇంతసేపు ఊరికే ఉండడం ఏడు వీధుల్లో ఎవరూ ఎరగరు. ఆయన సాధించినవాటి లెక్క రాసేవాళ్ళు ఉంటే ఇది కూడా రాసుకోవాలి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కండక్టరమ్మ వంటింటి పని ముగించుకుని వచ్చేసరికి, పొట్టి మంచం మీద అడ్డంగా పడుకుని, నోరు తెరిచి, చిత్రిక పడుతున్నంత చప్పుడుతో గురక పెడుతున్నాడు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది. ఆ మంచానికి ఎంతమంది పడతారో కళ్ళతోనే లెక్క వేసింది. ఆయన్ని లేపలేదు. రెండు చేతులా ఆయన భుజం పట్టి గోడవైపుకి దొర్లించి, తనకి కావలసిన జాగా తాను చేసుకుని, పడుకుంది.